ఇస్సాక్ నెత్తిన తువ్వాలు

సౌదీలో, హుఫూఫ్ క్యాంపులో నా పప్పుకు చెడ్డపేరు తెచ్చింది ఇస్సాక్. ఆ మాట ముందే చెప్పేస్తే నా కడుపు చల్లబడుతుంది. నా పేరు ఖాదర్ మొహిద్దీన్, మాది రాయచోటి. ఆ క్యాంపులో కూలీలందరికీ రెండు పూటలా వండి పెట్టేవాణ్ని. నా చేతి కుర్మా తిని మా కంపెనీ ఇంజనీరు పళ్లెం నాకినంత పని చేశాడు. అలాంటి నా వంటను మెట్‌పల్లి, ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో నన్ను కలలో కూడా చూడని ఆడవాళ్లు నీళ్ల పప్పని చెప్పుకున్నారంటే ఆ పుణ్యమంతా వీడిదే. వాడి మీద కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయినా వాడి గురించి నేను చెప్పకపోతే చెప్పేవాళ్లు లేరు.

ఇస్సాక్ గోడలకు రంగులేసేవాడు. మెట్‌పల్లి దగ్గర పల్లె వాడిది. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. అక్కడ క్రిస్మస్ నాటకాల్లో ఆడవేషం ఎప్పుడూ వాడిదేనట. చూస్తే మాత్రం ఎవరూ నమ్మరు. గుబురు మీసాలు, చెట్టు మొద్దులాంటి మెడ, ఎంత రుద్దినా పోని రంగు చుక్కలు చెవుల వెనక. మా తెలుగువాళ్లలో చదువొచ్చిన వాళ్లం మేమిద్దరమే. నా దస్తూరీ చూస్తే పోస్టుమ్యాన్ దండం పెట్టి పారిపోతాడు. అందుకని అందరి ఉత్తరాలూ వాడి దగ్గరికే వెళ్లేవి. వాడు ఊరికే రాసిపెట్టేవాడు, చాయ్ కూడా అడిగేవాడు కాదు. కానీ వాడి చేత కలం మూత తీయించడమే పెద్ద యజ్ఞం.

ఇన్ని ఇళ్లకు ఇన్ని ఉత్తరాలు రాసిన మనిషి, తన భార్య ఎస్తేరుకు రాయాల్సిన ఒక్క ఉత్తరం దగ్గర చతికిలబడ్డాడు. గల్ఫ్ యుద్ధం అయిపోయిన ఏడాది సంగతి అది. వాడు ఇంటికి పోతాడా, ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉండిపోతాడా అన్నది ఆ ఉత్తరం మీద ఆధారపడి ఉంది. నేను చెప్పబోయేది దాని గురించే. అయితే వాడి పద్ధతి తెలియకపోతే అదేమీ అర్థం కాదు, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

"గోడ గీకకుంట రంగేస్తే నెల తిరగకముందే పొక్కులొస్తయ్ భాయ్. ముందుగాల గీకాలె, లప్పం పెట్టాలె, ఆరనియ్యాలె. ఉత్తరం గూడ గంతే" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఉత్తరానికి గోడేమిటి, గుంటలు పూడ్చే లప్పమేమిటి? నాలుగు ముక్కలు గీకి కవరు నాకి అంటిస్తే పోలేదా? స్వామి ఉత్తరం చూసేదాకా నేను అలాగే అనుకున్నాను.

స్వామి జగిత్యాల వైపు కుర్రాడు, తాపీ పని. పెళ్లయిన కొత్తలోనే విమానం ఎక్కాడు. ఒక శుక్రవారం, సెలవు రోజు, అన్నాలయ్యాక వచ్చి ఇస్సాక్ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కొత్తగా దిగిన ఫోటో ఒకటి ఇచ్చి, ఇది లోపల పెట్టి నేను మంచిగున్న, నువ్వు మంచిగుండు అని పెళ్లాం పుష్పకు రాయమన్నాడు. ఇంకా ఏమిటని అడిగితే, ఇంకేముంటుంది అన్నాడు. నెలల తరబడి ఎదురుచూసే పెళ్లానికి వెళ్లే ఉత్తరంలో అదీ సరుకు! ఇస్సాక్ భుజం మీది తువ్వాలు తీసి నెత్తిన కప్పుకున్నాడు. అంచు పళ్ల మధ్య పట్టుకుని, ఓ పక్కకు ఒదిగి కూర్చున్నాడు. అంతే, మీసాలాయన మాయమై అక్కడ పుష్ప కూర్చుంది.

"మంచిగున్నవా? మంచిగుంటే ఫోటోల మొకం గట్లెందుకు పీక్కపోయింది?"

స్వామి సిగ్గుపడి నవ్వాడు. ఎండలో దిగిన ఫోటో అన్నాడు. తింటున్నావా లేదా అంది పుష్ప. తింటున్నానన్నాడు. ఎవరు వండుతారు, ఏం పెడతారు అంది. నా కొంప మునిగింది ఇక్కడే. ఖాదర్ భాయ్ పప్పు పెడతాడు గానీ అందులో పప్పు కోసం దేవులాడాలి అన్నాడు ఆ సన్నాసి, నేను పక్కనే పళ్లేలు ఎత్తుతుండగా. అందరూ విరగబడి నవ్వారు. పుష్ప మాత్రం నవ్వలేదు. పప్పు సంగతి సరే, ఫోటోలో గోడకు ఆనుకుని ఎందుకు నిలబడ్డావు అని అడిగింది. స్వామి తల దించుకున్నాడు. పరంజా మీంచి జారి మోకాలు వాచిందట. కుంటుతూనే పనికి పోతున్నాడట. పక్క మంచం మీద పడుకునే హన్మాండ్లుకే ఆ సంగతి తెలియదు.

ఇస్సాక్ తువ్వాలు దించి, గీకుడు అయిందన్నాడు.

ఇక లప్పం. లప్పమంటే నా కూరగాయల బుట్ట అని ఆ రోజే తెలిసింది. అడగా పెట్టకుండా బుట్ట లాక్కుని, తినడానికి పరిచిన ప్లాస్టిక్ పట్టా మీద ఒక్కో సంగతికి ఒక్కో కాయ పెట్టించాడు. ఫోటో సంగతి టమాట. నా పప్పు ఉల్లిగడ్డ. మోకాలు కోడిగుడ్డు. పుష్ప చెల్లెలి పెళ్లి గురించి అడగాల్సినవి రెండు ఆలుగడ్డలు. ఆ తర్వాత ఏది ముందు, ఏది వెనక అని పంచాయితీ. మోకాలి సంగతి రాస్తే ఏడుస్తుంది. రాయకపోతే సెలవుకు పోయిన వాడెవడో చెప్తాడు, అప్పుడు ఇంకా ఏడుస్తుంది. కాబట్టి రాయాల్సిందే. కానీ మొదటే రాస్తే తక్కిన ఉత్తరం ఆమెకు కనిపించదు, చివర రాస్తే ఆ దిగులుతోనే కాగితం మడుస్తుంది. అందుకని గుడ్డు ఎప్పుడూ రెండు ఆలుగడ్డల నడుమ ఉండాలి. స్వామి ఆ వరస చూస్తూ ఉత్తరమంతా నోటితో తడబడకుండా చెప్పాలి. తడబడ్డ చోట కాయలు మళ్లీ మారతాయి. అంతా అయ్యాకే కలం మూత తీసేవాడు. ఒకసారి ఈ తతంగం తెగకముందే వంట వేళయితే వరస మొత్తం ఎత్తుకుపోయి కుర్మా చేసేశాను. నా ఉత్తరం తింటున్నారు తినండి అని హన్మాండ్లు ఆ పూట అందరినీ సాధించాడు.

హన్మాండ్లుది ఇంకో రకం గోల. ఊళ్లో వాడి తల్లి లస్మవ్వకు చదువు రాదు. తమ్ముడు రాము చదివి వినిపించాలి. ఆ రామే పొలం మోటారు బాగు చేయించమని పంపిన పైసలు తాగేశాడు. అన్న అగ్గిమీద గుగ్గిలమై, తమ్ముణ్ని నాలుగు తిట్లు కలిపి తల్లికి రాయమని వచ్చాడు. ఇస్సాక్ అడిగిన మొదటి మాట, ఇది చదివేదెవరు అని. తువ్వాలు ఈసారి నడుముకు చుట్టుకుని రాము అయ్యాడు. కాగితం పట్టుకుని కాస్త తూలుతూ, తిట్లున్న చోటు రాగానే దగ్గి, "అన్న మంచిగున్నడట అవ్వా, అందర్నీ అడిగిండట" అని చదివేశాడు. మేం నవ్వుతున్నాం గానీ హన్మాండ్లు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అంతకుముందు రాసిన ఉత్తరాల గతి ఏమైందో అప్పటికి వెలిగింది పాపం.

ఆ వరస పేర్చడానికి రెండు శుక్రవారాలు పట్టింది. చివరికి తిట్లు ఒక్కటీ లేవు, అన్నీ పొగడ్తలే. నా తమ్ముడు బంగారం. పెద్దమనుషులందరినీ పిలిచి ఈ ఉత్తరం వాళ్ల ముందు చదివించమ్మా. వాడు మోటారు బాగు చేయించాడని విన్నాను, నీళ్లు ఎట్లా పారుతున్నాయో అందరినీ తీసుకుపోయి చూపించమ్మా. రాము చాతీ విరుచుకుని, గొంతు పెంచి, పదిమంది ముందు చదివాడట. చదివాక గానీ ఏం చదివాడో తలకెక్కలేదు. అప్పటికే పెద్దమనుషులు లేచి చెప్పులు వేసుకుంటున్నారట. పది రోజులు తిరక్కముందే మోటారు నడిచిందని సెలవు మీద వెళ్లొచ్చినవాడు చెప్పాడు.

ఇంతలో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మాకు కువైట్ సరిహద్దు మరీ దూరమేమీ కాదు. జనవరిలో బాంబులు మొదలయ్యాయి. కిటికీలకు టేపు అంటించమన్నారు. విషవాయువు వస్తే తడిగుడ్డ ముఖాన కప్పుకోమన్నారు. మాస్కులు ఇంజనీర్లకు వచ్చాయి. మాకు తువ్వాళ్లు ఎలాగూ ఉన్నాయి కదా. ఇళ్ల నుంచి ఒకటే కబుర్లు. లస్మవ్వ అయితే సౌదీ మొత్తం కాలిపోయిందని రేడియోలో ఎవరో చెప్పగా విని, కొడుకు ఉత్తరం చూసేదాకా ముద్ద ముట్టనని కూర్చుందట.

ఆ శుక్రవారం హన్మాండ్లు ఆ కబురు పట్టుకుని వచ్చాడు. మా తెలుగువాళ్లంతా వాడి చుట్టూ చేరారు. ఇస్సాక్ తువ్వాలు కప్పుకుని లస్మవ్వ అయ్యాడు. నేను చాలా ఏడుపులు విన్నాను గానీ అలాంటిది వినలేదు. ఓ కొడుకా, ఏ దిక్కుకు పోతివి కొడుకా అని రాగం తీసి అందుకున్నాడు. హన్మాండ్లు గొల్లుమన్నాడు. స్వామి తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. వాణ్ని చూసి ఇంకొకడు, వాణ్ని చూసి ఇంకొకడు. గట్టివాణ్నని పేరున్న నేను కూడా తువ్వాలు వెతుక్కున్నాను. సరిగ్గా అప్పుడే ఒక బంగ్లాదేశీ కుర్రాడు కిటికీలోంచి తొంగి చూశాడు. వాడికి కనిపించిందేమిటి? గది నిండా మనుషులు, అందరి మొహాల మీదా తువ్వాళ్లు, అందరి కళ్లలోనూ నీళ్లు. గ్యాస్ వచ్చేసిందనుకున్నాడు.

తర్వాత జరిగింది చెప్తుంటే ఇప్పటికీ నాకు రక్తం మరుగుతుంది. క్యాంపులో గట్టిగా టేపు వేసిన గది నా వంటిల్లు ఒక్కటే. బంగ్లావాళ్లు, పాకిస్తానీలు, బీహారీలు కుళాయి దగ్గర గుడ్డలు తడుపుకుని అందరూ అందులోకే దూరారు. ఆ పరుగు చూసి నిజంగానే ఏదో వచ్చిందని మేమూ దూరాం. తలుపు వేసేశారు. ఎవడో నా పిండి తొట్లో కాలు పెట్టాడు. అంతమంది మగాళ్ల చెమట వాసనకు, గ్యాసంటే ఇదే కాబోలనుకున్నాను. ఎవరు చూశారు, ఎక్కడ వచ్చింది అని ఉర్దూలో ఒకరినొకరు అడుగుతున్నారు. ఇస్సాక్‌కు సంగతి అర్థమైంది. వాడి భుజాలు కదలడం చూసి నాకూ అర్థమైంది. వాడు నోరు విప్పితే కదా! మూలన కూర్చుని, హన్మాండ్లు చెవిలో గుసగుసగా ఉత్తరం పేర్చుతున్నాడు. ఉల్లిగడ్డల బస్తా ఎలాగూ పక్కనే ఉందాయె. సాయంత్రం వాచ్‌మన్ కాషిఫ్ వచ్చి తలుపు కొట్టి, తిండి ఎప్పుడు పెడతారని అడిగేదాకా మేం బయటికి రాలేదు. ఆ రాత్రి రొట్టెలు ఆ పిండితోనే చేశాను. నాది తప్పంటే నేనొప్పుకోను.

లస్మవ్వకు ఆ వంటింటి కథే రాశారు. ఇంతమంది ఒక్క గదిలో కిక్కిరిసి ఉన్నామమ్మా, మీద పడడానికి బాంబుకు కూడా జాగా లేదు అని. విని నవ్విందట, అన్నం తిందట. నా పిండి సంగతి మటుకు ఎవరూ రాయలేదు.

యుద్ధం ముగిసింది. కానీ కువైట్‌లో నూనె బావులు కాలుతూనే ఉన్నాయి. గాలి ఇటు తిరిగిన రోజు నల్లటి పొగ వచ్చి గోడల మీద మసిలా కూర్చునేది. రంగులవాళ్లకు గిరాకీ పెరిగింది. అదే సమయానికి ఇస్సాక్ ఒప్పందం ముగియవచ్చింది. మేనేజరు పిలిచి, ఇంకో రెండేళ్లకు సంతకం పెడితే రంగుల పనికి ఫోర్‌మన్‌ను చేస్తానన్నాడు. ఒప్పందం అయిపోగానే వచ్చేస్తానని ఎస్తేరుతో చెప్పి వచ్చాడు ఇస్సాక్. వెనక సెలవులప్పుడూ ఆ మాటే చెప్పి, చెప్పినప్పుడల్లా మళ్లీ సంతకం పెట్టాడు. ఈసారి నిజంగా వచ్చేస్తానన్నాడు. ఇప్పుడు రానని రాయాలి. లేదా ఫోర్‌మన్ పని వదులుకుని పోవాలి. రోజూ సాయంత్రం కాగితం ముందు పెట్టుకునేవాడు, కలం మూత తీసేవాడు కాదు. ఆమెకు చదువొచ్చు, మిషన్ హాస్టలే ఆమెదీను. మధ్యలో చదివేవాళ్లెవరూ లేరు కాబట్టి, రాములాంటి వాళ్ల మీద పారే ఎత్తులు అక్కడ పారవు.

దాచడమెందుకు, మాకందరికీ వాడు ఉండిపోవాలనే ఉండింది. మనవాడు ఫోర్‌మన్ అయితే స్వామిని తన కిందికి తీసుకుంటాడు, వాడికి పరంజా ఎక్కే బాధ తప్పుతుంది. అందరికీ ఉత్తరాలు రాసేవాడు దక్కుతాడు. నాకా? వాడు లేని క్యాంపులో ఎవరితో పోట్లాడాలి? మేనేజరు జవాబు చెప్పమన్న గడువు శనివారం. శుక్రవారం అన్నాలు కాగానే మేమే వాణ్ని పట్టా మీద కూలేశాం. నా అంతట నేనే కూరగాయల బుట్ట తెచ్చి ముందు పెట్టాను. నీ గోడ మేం గీకుతాం, కదలకుండా కూర్చో అన్నాను.

ముందు స్వామి తువ్వాలు కప్పుకుని ఎస్తేరు అయ్యాడు. ముక్కు చీదుతూ ఏడ్చాడు. ఇస్సాక్ నవ్వి, మా ఎస్తేరు ఏడ్వదన్నాడు. హన్మాండ్లు కప్పుకుని మెడలోకి గొలుసేది, చేతులకు గాజులేవి అని నిలదీశాడు. ఆమె ఏదీ అడగదన్నాడు ఇస్సాక్. చివరికి నేను కప్పుకున్నాను. మా ఆవిడ జైతూన్ బీ నన్ను తిట్టే తిట్లన్నీ ఊపిరి తిప్పుకోకుండా వాడి మీద కుమ్మరించాను. అందరూ చప్పట్లు కొట్టారు. తిట్టదు కూడా భాయ్ అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చి తువ్వాలు వాడి మొహాన కొట్టాను.

"మరి ఏమంటాదబ్బా ఆ మహాతల్లి? నువ్వే ఆయమ్మగా కూచో. నేను నువ్వయితా."

వాడు తువ్వాలు మడత విప్పి నెత్తిన కప్పుకున్నాడు. ఊళ్లో ఉన్న ఆడవాళ్లందరి వేషాలూ వేసినవాడు ఆ ఒక్క వేషం ఎప్పుడూ వేయలేదు. నేను మాత్రం హుషారుగా కాయలు పేర్చడం మొదలుపెట్టాను. అందరూ తలా ఒక మాట అందించారు. నా జన్మలో అంత చక్కగా దేన్నీ పేర్చలేదు. ఫోర్‌మన్ పని ముందు. ఎండలో నిలబడే బాధ లేదన్నది దాని పక్కన. పిల్లల చదువులు. సగంలో ఆగిన ఇంటి మీది స్లాబు. యుద్ధమే ఏమీ చేయలేదు, ఇక భయమేమిటన్నది కాస్త నవ్వు కోసం. రాలేను అన్న కోడిగుడ్డు రెండు ఆలుగడ్డల నడుమ భద్రంగా. చిట్టచివర పెద్ద గుమ్మడి ముక్క, ఈ రెండేళ్లే ఆఖరు అన్నది. మొదటి నుంచి చివరిదాకా తడబడకుండా, గొంతు పెంచాల్సిన చోట పెంచి, దించాల్సిన చోట దించి చెప్పాను. రాయి కూడా కరుగుతుందనుకున్నాను.

వేరేవాళ్ల పెళ్లాలయినప్పుడు ఇస్సాక్ మాట మాటకూ అడ్డం పడేవాడు. ఈసారి ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. తువ్వాలు నుదురు దాకా లాక్కుని, తల కొంచెం వంచి, మొత్తం విన్నాడు. నేను ముగించాక మెల్లగా పట్టా మీద పడ్డ మెతుకులు ఏరాడు. అవి అరచేతిలో పోసుకుని, నా మొహం వైపు చూడకుండా అన్నాడు.

"సరే. అన్నం తిన్నవా?"

మేం తర్వాతి మాట కోసం చూస్తున్నాం. స్వామి ఉండబట్టలేక, తర్వాత ఏమంటదన్నా అని అడిగాడు.

"తర్వాత లేదు తమ్మీ. గంతే అంటది. ఎప్పుడడిగినా గంతే అన్నది. నేనేమో ఒప్పుకున్నదనుకొని సంతకం పెట్టుకుంట పోయిన."

తువ్వాలు తీయలేదు వాడు. ఇంకా కిందికి లాక్కున్నాడు. అప్పటిదాకా వాడి ఏడుపులన్నీ విన్నవాళ్లం కదా, నిజం ఏడుపుకు చప్పుడు లేదని అప్పుడు తెలిసింది. నాకు కోపం వచ్చింది. ఏడవని మనిషి మీద, అడగని మనిషి మీద ఏ వరస పని చేస్తుంది? ఎదురుగా అంత ముచ్చటగా పేర్చిన ఉత్తరం ఉంది, అందులో రాయదగ్గది ఒక్కటీ లేదు. హన్మాండ్లు లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను కాయలన్నీ బుట్టలో వేసుకుని వంటింట్లోకి పోయాను.

మర్నాడు ఆఫీసుకు నన్ను తోడు రమ్మన్నాడు. వాడికి అరబ్బీ అంతగా రాదు, నాకు బేరాలాడేంత వచ్చు. ఇంటికి పోతున్నాడని, పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించమని చెప్పమన్నాడు. మేనేజరు ముందు జీతం చాలలేదేమోననుకుని ఇంకొంచెం పెంచుతానన్నాడు. ఇస్సాక్ తల అడ్డంగా ఊపాడు. యుద్ధానికి భయపడ్డావా అన్నాడు. లేదన్నాడు ఇస్సాక్. అయితే ఇంట్లో పెళ్లాం ఒప్పుకోలేదన్నమాట అని మేనేజరు నవ్వాడు. నేను తెలుగులో చెప్పాను.

"ఒప్పుకున్నది సార్. అందుకే పోతున్న" అన్నాడు ఇస్సాక్.

నేను ఉన్నది ఉన్నట్టు అరబ్బీలో చెప్పాను. మేనేజరు నొసలు ముడిచి, సరిగ్గా అడిగి చెప్పు అని నా మీద విసుక్కున్నాడు. నేను ఇస్సాక్‌ను మళ్లీ అడగలేదు. ఆ మాటే రెండోసారి చెప్పాను.